నేలకు ఏ బట్ట మేలు? పత్తి, పాలిస్టర్, రేయాన్, పట్టు, ఉన్ని, నార: ఒక పోలిక

ఆరు గజాల నూలు చీరకు ఎంత చేను కావాలి? చీర అరకిలో తూగుతుందనుకుందాం. వడకడంలో, నేతలో పోయే తరుగు కలుపుకుంటే 600 నుంచి 650 గ్రాముల దూది కావాలి. మన దేశంలో ఎకరానికి వచ్చే దూది సగటున 180 కిలోల చుట్టుపక్కలే. అంటే ఒక్క చీరకు దాదాపు 15 చదరపు మీటర్ల నేల, సెంటులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. చీరను విప్పి పరిస్తే పట్టే చోటుకు రెండింతలు పైనే. అదీ తొలకరి నుంచి సంక్రాంతి దాకా.

పాలిస్టర్ చీరకైతే ఈ లెక్కలో చేను వాటా సున్నా. ఇక్కడితో ఆగితే సింథటిక్ బట్టే భూమిని కాపాడుతోందని తేలుతుంది. అలా వాదించేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎంత నేల వాడుకున్నామన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ నేల మరుసటి ఏటికి ఏ స్థితిలో ఉంది, పొలం నుంచి పోయింది పొలానికి తిరిగి చేరిందా, చిరిగిన బట్ట చివరికి ఏ మట్టిలో కలుస్తుంది, కలవకుండా ఎన్నాళ్లుంటుంది అన్నవి చూడాలి. ఆ చూపుతోనే మనం కట్టే బట్టలను ఇక్కడ పోలుస్తున్నాను. పత్తి గురించి ఎక్కువ చెబుతాను. తెలంగాణలోనే ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి పడుతోంది, మన నేల బాగోగులు చాలావరకు దానితోనే ముడిపడి ఉన్నాయి.

పత్తి: తప్పు దూదిది కాదు

దూది దాదాపు మొత్తం సెల్యులోజే. అందులో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. మొక్క వాటిని గాలి నుంచి, నీటి నుంచి తీసుకుంటుంది. నేల నుంచి తీసుకునే నత్రజని, భాస్వరం, పొటాష్ గింజలోకి, ఆకులోకి, కట్టెలోకి వెళతాయి. క్వింటాల్ పత్తి జిన్నింగుకు వెళితే దూదిగా వచ్చేది 33 నుంచి 35 కిలోలు, మిగిలిందంతా దాదాపు గింజే. ఆ గింజ నుంచి నూనె తీశాక చెక్క పశువులకు మేతై, వాటి పేడ చేనుకు వచ్చి, పత్తికట్టె ఆ మట్టిలోనే కలిసిందనుకోండి. అప్పుడు బట్ట రూపంలో ఊరు దాటిపోయే నేల సారం లెక్కలోకి రానంత తక్కువ. మిరపకు ఈ వీలు లేదు.

మరి పత్తి చేలు ఎందుకు చౌడుబారినట్టు, పట్టు తగ్గినట్టు కనిపిస్తున్నాయి? తిరిగి రావాల్సిందేదీ తిరిగి రావడం లేదు కనుక. గింజ మిల్లుకు పోతుంది, చెక్క ఎక్కడో డెయిరీకి పోతుంది. ఇంట్లో పశువుల్లేవు, పెంటకుప్ప లేదు. పత్తి ఏరడం అయిపోయాక కట్టెను పీకి గట్టు మీద కుప్పేసి కాలుస్తారు. ఆ మంటలో పోయేది ఆ ఏడాది మట్టికి దక్కాల్సిన సేంద్రియ పదార్థం. పై ఏడు మళ్లీ పత్తి, ఆ పై ఏడూ పత్తే. కొన్ని సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేసే పద్ధతి చాలా ఊళ్లలో పోయింది. కంది ఆకు రాలి చేనంతా పరుచుకునేది, దాని వేళ్లు నత్రజని నిలిపేవి.

దీనికి తోడు పత్తికి ఒక స్వభావముంది. మొదటి రెండు నెలలు నెమ్మదిగా పెరుగుతుంది, సాళ్ల మధ్య దూరమూ ఎక్కువే. జూన్, జులైల్లో వాన బలంగా కొట్టే రోజుల్లో సాళ్ల నడుమ నేల బోసిగా ఉంటుంది. పైమట్టి కొట్టుకుపోయేది అప్పుడే. నల్లరేగడికి లోతుంటుంది గనుక కొంత తట్టుకుంటుంది. చల్కా నేలల్లో, వాలు మీదున్న ఎర్ర నేలల్లో పత్తి వేస్తే జానెడు మట్టిలో ఎంత మిగులుతుందో ఆ రైతులను అడిగితే చెబుతారు. నా ఉద్దేశంలో పత్తి నష్టం గురించి మాట్లాడేటప్పుడు పురుగుమందు కంటే ముందు ఈ మట్టికోత గురించి మాట్లాడాలి. కానీ ఏ లేబుల్ మీదా ఇది రాయరు.

పురుగుమందుల సంగతికొస్తే, కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి రాకముందు దేశంలో సాగు భూమిలో 5 శాతం ఉన్న పత్తి మీద పురుగుమందుల్లో దాదాపు సగం పోసేవాళ్లు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావులు ఇప్పటికీ మనసుల్లోంచి పోలేదు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగుకు మందు కొట్టడం నిజంగానే తగ్గింది. దాన్ని కాదనడం న్యాయం కాదు. అయితే కొన్నేళ్లకే రసం పీల్చే పురుగులు, తెల్లదోమ, పచ్చదోమ పెరిగాయి. గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటుపడిపోయింది. మందు డబ్బాలు మళ్లీ చేలకొచ్చాయి. బీటీ విత్తనం సంచిలోకి రాకముందే దానికి ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించి ఉండటం మామూలైంది. 2017లో ఆదిలాబాద్‌కు పక్కనే ఉన్న యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు.

ఆ తర్వాత వచ్చింది అనుమతి లేని కలుపుమందు పత్తి. గ్లైఫోసేట్ కొట్టినా చావని ఆ విత్తనం వచ్చాక చాలా చేలల్లో గుంటుక, దంతె ఆగిపోయాయి. గుంటుక తోలితే పైపొర గుల్లబారి వాననీరు ఇంకేది, చిన్న కలుపు అక్కడే ఎరువయ్యేది. మందు కొట్టిన చేను శుభ్రంగా కనిపిస్తుంది కానీ ఆ శుభ్రం మట్టికి మంచిది కాదు. కప్పు లేని నేల ఎండకు గట్టిపడుతుంది, వానకు జారిపోతుంది.

ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు అన్న అంకె చాలామంది విని ఉంటారు. అది వేర్వేరు దేశాల సగటు, వాననీరు కూడా అందులో కలిసే ఉంటుంది. తెలంగాణ పత్తిలో ఎక్కువ భాగం వర్షాధారం. అంత నీరు బోరులోంచి తోడింది కాదు. నీటితో పత్తి నేలను చంపిన చోటు చూడాలంటే మధ్య ఆసియాకు వెళ్లాలి. 1960ల నుంచి అము దర్యా, సిర్ దర్యా నదులను పత్తి చేలకు మళ్లిస్తే, ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సుగా ఉన్న అరల్ సముద్రం ఎండి ఉప్పు ఎడారైంది. మురుగు పోయే దారి లేకుండా నీళ్లు పెట్టిన చేలూ ఉప్పుదేలాయి. పత్తి అంటే అన్నిచోట్లా ఒకటే కాదని చెప్పడానికే ఈ మాట.

ఏ పత్తి?

దుకాణంలో "100 శాతం కాటన్" అన్న చీటీ చూసి నేలకు మేలు జరిగిందనుకోవద్దు. అందులో ఉన్నది దూదేనని మాత్రమే అది చెబుతుంది, ఎలా పండిందో చెప్పదు. పెద్ద బ్రాండ్ల బట్టల మీద కనిపించే "బెటర్ కాటన్" ముద్రకూ ఒక పరిమితి ఉంది. బ్రాండ్ కొన్నంత పత్తి ఎక్కడో ఆ పద్ధతిలో పండిందన్న లెక్కను బట్టి ఆ ముద్ర వేస్తూ వచ్చారు, మీ చేతిలోని చొక్కాలో ఆ దూదే ఉండాలన్న నియమం ఉండేది కాదు. మందులు తగ్గించే ప్రయత్నంగా దాన్ని గౌరవిస్తాను, అంతకుమించి డబ్బు మాత్రం ఇవ్వను.

సేంద్రియ పత్తి వేరు. బీటీ విత్తనం ఉండకూడదు, రసాయన ఎరువులు, మందులు ఉండకూడదు. మట్టికి పేడ ఎరువు, పచ్చిరొట్ట, పంట మార్పిడి ఉండాలి. సేంద్రియ పత్తి పండించడంలో ప్రపంచంలో మన దేశానిదే పెద్ద వాటా. మధ్యప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర అందులో ముఖ్యం. ఆదిలాబాద్ గిరిజన రైతులతో, ఒడిశా రైతులతో పనిచేసే చేత్నా ఆర్గానిక్ మనకు దగ్గరి ఉదాహరణ. చిక్కేమిటంటే నమ్మకం. 2020లో సేంద్రియ బట్టలకు అంతర్జాతీయ ముద్ర ఇచ్చే జీఓటీఎస్ సంస్థే మన దేశంలో 20 వేల టన్నుల పత్తి చుట్టూ నడిచిన దొంగ ధ్రువపత్రాల వ్యవహారాన్ని బయటపెట్టింది. కాబట్టి "ఆర్గానిక్" అన్న మాటకు కాక, జీఓటీఎస్ ముద్ర కింద ఉండే లైసెన్స్ నంబరుకు విలువివ్వండి. ఆ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. నంబరు లేకపోతే, ఎక్కువ ధర ఇవ్వడానికి కారణం లేదు.

సేంద్రియ పత్తిలో దిగుబడి కొంత తగ్గితే అదే చీరకు ఎక్కువ నేల కావాలి కదా అని అడుగుతారు. నిజమే, నీళ్లు కట్టి బాగా పండించే చోట తేడా కనిపిస్తుంది. కానీ వానను నమ్ముకున్న చేలల్లో దిగుబడిని తేల్చేది చాలాసార్లు మట్టిలో తేమ ఎన్నాళ్లు నిలిచిందన్నదే. ఆ తేమను నిలిపేది సేంద్రియ పదార్థం. అందుకే నేను సేంద్రియ పత్తి వైపే మొగ్గుతాను.

ముద్ర లేకపోయినా మందు లేకుండా పత్తి పండించవచ్చని చూపిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల 2000ల మొదట్లో పురుగుమందులు మానేసింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా ఆముదం, చేనులో పక్షులు వాలే కర్రలు: వాళ్ల సాధనాలివి. తర్వాత జనగామ ప్రాంతంలోని ఏనబావి ఇంకో అడుగు వేసి రసాయన ఎరువులు కూడా వదిలేసింది. ఇలాంటి ఊళ్లలో పండిన పత్తి కూడా చాలావరకు మామూలు జిన్నింగు మిల్లులో మామూలు పత్తితోనే కలిసిపోతుంది. మనకు విడిగా దొరకదు. కొనేవాళ్లు అడగకపోవడం దానికి ఒక కారణం.

ఇక దేశవాళీ పత్తి. పత్తి రకాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నేలకు అన్నిటికంటే అతికేది అదే. ఆదిలాబాద్, నాందేడ్ వైపు గావొరాని, కర్నూలు నల్లరేగళ్లలో ముంగారి, పల్నాడు వైపు పండి కాకినాడ రేవు పేరుతో ఎగుమతైన కోకనాడ పత్తి ఒకప్పుడు మన నేల పంటలు. వాటి తల్లివేరు లోతుకు దిగుతుంది. వాన వెనక్కి తగ్గినా నిలబడతాయి. రసం పీల్చే పురుగులు వాటిని పెద్దగా పట్టవు. గింజ రైతు దాచుకోవచ్చు. వీటి పింజ, అంటే దూది పోగు, పొట్టిది. పొడుగు పింజ కోరే మిల్లులు వీటిని పక్కన పెట్టాయి, ధర పడిపోయింది, చేలు అమెరికన్ పత్తి చేతిలోకి వెళ్లిపోయాయి. యంత్రానికి పనికిరాదన్న ఒక్క కారణంతో నేలకు సరిపడే పంటను వదులుకున్నాం.

పొట్టి పింజతో సన్నని నూలు రాదనేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా పొందూరు సమాధానం. అక్కడ కొండపత్తిని, పునాస పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి 100 కౌంటు నూలు తీస్తారు. ఆ ధోవతి ఖరీదెక్కువే. కానీ ఆ ధరలో యంత్రం వదిలేసిన పత్తి చేనులో నిలిచి ఉండటానికి వాటా ఉంది. పెళ్లికో పండక్కో ఒక్క మంచి బట్ట కొనాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా పొందూరు ఖద్దరు.

చేనేత అన్న మాటను కూడా జాగ్రత్తగా చూడాలి. మంగళగిరి, నారాయణపేట, వెంకటగిరి చీరలు నేతగాళ్ల బతుకు నిలుపుతాయి, అది చాలు కొనడానికి. కానీ మగ్గానికొచ్చే చిలపనూలు చాలావరకు మిల్లు నూలే, ఎక్కడి పత్తో నేతగాడికి కూడా తెలియదు. మల్ఖా వంటి ప్రయత్నాలు పత్తి పండేచోటే చిన్న యంత్రాలపై వడికి, అక్కడి మగ్గాలకే ఇస్తాయి. దూదిని బేళ్లుగా అదిమే పని ఉండదు, ఏ ప్రాంతం పత్తో చెప్పగలరు. ఆ పత్తి మందు లేనిదేనని మాత్రం దానంతట అది హామీ కాదు, విడిగా అడగాలి.

పాలిస్టర్: చేను అడగదు, చేనులోకి వస్తుంది

2023లో ప్రపంచంలో తయారైన నారల్లో 57 శాతం పాలిస్టర్, పత్తి సుమారు 20 శాతమే. సిరిసిల్ల మరమగ్గాల మీద ఆడేదీ ఎక్కువగా అదే. ధర తక్కువ, ఇస్త్రీ అక్కర్లేదు, ఏళ్లు మన్నుతుంది. పేదింటికి ఇవి చిన్న లాభాలు కావు, పాలిస్టర్ కట్టేవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు.

నేల విషయానికొస్తే, పెట్రోలియం నుంచి పుట్టిన ఈ దారం మట్టిలో కుళ్లదు. ప్రతి ఉతుకులో కంటికి ఆనని పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి. ఆ నీరు మురుగు కాలవల్లోంచి హైదరాబాద్‌లో అయితే మూసీకి చేరుతుంది. మూసీ నీళ్లతో దిగువన వరి, పశుగ్రాసం పండిస్తారు. శుద్ధి కేంద్రం గుండా పోతే పోగుల్లో ఎక్కువ భాగం బురదలో ఆగుతుంది, ఆ బురదను ఎరువుగా చల్లితే అదీ చేనుకే వస్తుంది. పాలిస్టర్ పోగులు కలిపిన మట్టి మీద జరిగిన ప్రయోగాల్లో, మట్టి కణాలు ఉండలుగా పట్టుకునే గుణం దెబ్బతిన్నట్టు కనిపించింది. మట్టి గుల్లగా ఉండటం, నీరు ఇంకడం, వేరు దిగడం అన్నీ ఆ ఉండల మీదే ఆధారపడతాయి. ఒకసారి మట్టిలోకి చేరిన పోగులను ఏరి తీసే దారి లేదు. అందుకే "చేను వాటా సున్నా" అన్న లెక్క నాకు సరిపడదు.

రీసైకిల్డ్ పాలిస్టర్ అని రాసి ఉంటే? అది దాదాపు మొత్తం నీళ్ల సీసాల నుంచి వచ్చిందే. కొత్త పెట్రోలియం తగ్గుతుంది, పోగులు ఊడటం తగ్గదు. పత్తీ పాలిస్టరూ కలిపిన టెర్రికాటన్ నా లెక్కలో ఇంకా ఇబ్బందిది. పత్తి భాగానికి చేనూ కావాలి, పాలిస్టర్ భాగం మట్టిలోనూ మిగులుతుంది, విడదీసి మళ్లీ వాడటమూ కష్టం. బడి యూనిఫాంలు చాలావరకు ఇవే. వేరే దారి లేనప్పుడు కొనండి, కింది పిల్లలకు అందేలా చూడండి.

పాలిస్టర్ ఎక్కడ సబబు? అరుదుగా ఉతికేవాటికి, తడిని తట్టాల్సినవాటికి: వానకోటు, సంచి, గొడుగు, కర్టెన్. ఎక్కడ వద్దు? రోజూ ఒంటి మీద ఉండి రోజూ ఉతికే లోదుస్తులు, నైటీలు, లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్లు. చలికి వేసుకునే ఫ్లీస్ స్వెటర్లు పోగులు బాగా వదులుతాయి, అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లకు ఈ మాట ఎక్కువ వర్తిస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉన్న పాలిస్టర్ బట్టలను మాత్రం పారేయకండి. వాటివల్ల జరగాల్సిన నష్టం సగం జరిగిపోయింది. బీరువాలో ఉన్నా, బొంతలోకి వెళ్లినా చెత్తకుప్పకు పోవడం కంటే నయం.

రేయాన్, విస్కోస్, మోడల్, లియోసెల్: చెట్టు నుంచి వచ్చే బట్ట

రేయాన్ కుర్తీ మెత్తగా జారుతుంది, చల్లగా ఉంటుంది. అమ్మేవాళ్లు పత్తి లాంటిదే అంటారు. విస్కోస్ అన్నా ఇదే, మోడల్, లియోసెల్ ఇదే కుటుంబంలోవి. ముడిసరుకు కర్రగుజ్జు. జామాయిల్ ఒక ముఖ్య వనరు. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. ఇప్పటి ములుగు జిల్లాలోని కమలాపురంలో రేయాన్ గుజ్జు తీసే కర్మాగారం 2014 దాకా నడిచింది. ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు గుజ్జు కోసం వేసినవే.

నేలకు ఇది మేలా, కీడా అన్నది ఎక్కడ నాటారన్నదాన్ని బట్టి ఉంటుంది. వాలు మీది రాతి నేలలో, బీడులో చెట్టు నాలుగైదేళ్లు నిలబడితే మట్టికి పట్టు దొరుకుతుంది. ఏటా దున్నే పని ఉండదు, సుబాబుల్ నత్రజని కూడా ఇస్తుంది. కందీ జొన్నా పండే చెలకలో జామాయిల్ వేస్తే కథ మారుతుంది. చుట్టూ గడ్డి సరిగా మొలవదు, పక్క చేనులో తేమ లాగేస్తుంది, నరికిన మొదలు మళ్లీ చిగురిస్తుంది. ఆ నేలను తిరిగి తిండి పంటకు తేవాలంటే మొద్దులు పెకలించడానికి జేసీబీ ఖర్చు రైతు మీద పడుతుంది. ఆ ఖర్చు భయంతోనే చాలామంది ఆ తోటలో ఉండిపోతారు.

గుజ్జును దారంగా మార్చేటప్పుడు మామూలు విస్కోస్‌కు కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు. రెండోది కార్మికుల నరాలను దెబ్బతీసే విషం. లియోసెల్ పద్ధతిలో వాడే ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టుకుంటారు. అందుకే ఈ కుటుంబంలో ఎంచుకోవాల్సి వస్తే లియోసెల్. "వెదురు బట్ట" అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోసే. మొక్క పేరు చూసి ఎక్కువ ధర పెట్టకండి. ఇవన్నీ మట్టిలో కుళ్లుతాయన్నది మాత్రం పాలిస్టర్ మీద వీటికున్న గెలుపు. తడిస్తే బలం తగ్గే గుణం వల్ల మామూలు రేయాన్ తొందరగా పాడవుతుంది, రోజువారీ కుర్తీకి నేను పత్తినే చెబుతాను.

పట్టు, ఉన్ని

పట్టు గురించి జీవహింస వాదన వేరే ఉంది, దాన్ని ఇక్కడ తీసుకోవడం లేదు. నేల వరకే చూస్తే మల్బరీ తోట బహువార్షికం. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నేలను పట్టి ఉంచుతుంది. ఆకు మీద మందు చల్లితే తిన్న పురుగు చస్తుంది గనుక రైతు చెయ్యి దానంతట అదే అదుపులో ఉంటుంది. హిందూపురం వైపు మల్బరీ బోరు నీళ్ల మీద ఆధారపడటమే దాని బలహీనత. దసలి (టసర్) పట్టుకు ఆ బలహీనత కూడా లేదు. మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద పురుగులు పెంచుతారు. దున్నడం లేదు, ఎరువు లేదు, చెట్టు నిలిచి ఉంటేనే పంట. నేలకు సంబంధించినంత వరకు ఈ వ్యాసంలోని బట్టలన్నిటిలో దసలి పట్టుకే నేను పెద్ద పీట వేస్తాను. దొరికేది తక్కువ, ధర ఎక్కువ, కాబట్టి జీవితంలో ఒకటో రెండో చీరలకే.

ఉన్నిలో మన గొంగడిది ప్రత్యేకమైన కథ. దక్కనీ నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి వెనక ఒక పొలం పద్ధతి ఉంది. పంట కోసిన చేలల్లో రాత్రుళ్లు మంద పెట్టేవాళ్లు. గొర్రెల పెంటిక, మూత్రం అక్కడే పడేవి, రైతు గొల్లలకు, కురుమలకు గింజలు కొలిచేవాడు. ఉన్ని కోసం పెంచిన గొర్రె చేనుకు ఎరువు మోసుకొచ్చేది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి పెరిగాక దక్కనీ మందలు తగ్గాయి, గొంగడి నేత కూడా. దీనికి పూర్తి ఎదురు చిత్రం మంగోలియా. మేక ఉన్నితో చేసే ఖరీదైన కాష్మీర్ శాలువాల కోసం మేకల సంఖ్య పెరిగిపోయి అక్కడి గడ్డిభూములు బోసిపోయాయి. చలికి ఒక్క దుప్పటి కొనాలంటే గొంగడి కొనండి. గరుకుగా ఉంటుంది, లోపల నూలు దుప్పటి వేసుకుంటే సరిపోతుంది.

అవిసె, గోగు, జనుము

లినెన్ అంటే అవిసె నార. ఫ్రాన్స్ ఉత్తర తీరం, బెల్జియం ప్రాంతాల్లో వాన మీదే పండుతుంది. అదే పొలంలో ఆరేడేళ్లకు ఒకసారే వేస్తారు, పీకిన కాడను పొలంలోనే పరచి మంచుకు ఊరనిస్తారు. నేలకు మంచి పంట. మన దగ్గర లినెన్ చొక్కాలకు వాడే నార ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. పదేళ్లు మన్నుతుంది గనుక ఆఫీసు చొక్కాకు లినెన్ మంచి ఎంపిక, స్థోమత ఉంటే.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. జనుము మన పొలాల్లో పచ్చిరొట్టగా, పశుగ్రాసంగా వేసే పంట. పప్పుజాతి మొక్క, నత్రజని నిలుపుతుంది, కలుపును అణుస్తుంది, దాని నార గట్టిది. పగ్గాలకు, గోనెకు తరతరాలుగా వాడాం. నేలకు తీసుకునే దానికంటే ఎక్కువ ఇచ్చే నార పంట ఇంటి ముందు ఉండగా దాన్ని బట్టలకు పనికొచ్చేలా చేసే పరిశోధన మీద మన దృష్టి పడలేదు. ఉత్తరాంధ్రలో గోగు కూడా సంచుల దగ్గరే ఆగిపోయింది. ఈ రెండూ ఇప్పటికి కట్టుబట్టగా దొరకవు. సంచులు, చాపలు, తాళ్లు కొనేటప్పుడు ప్లాస్టిక్ బదులు వీటిని అడగండి.

రంగు సంగతి

ఎంత మంచి నారైనా అద్దకంలో చెడిపోవచ్చు. తమిళనాడులో తిరుప్పూర్ అద్దకపు నీరు నోయ్యల్ నదిలో కలిసి, 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో చేరింది. ఆ నీళ్లు పారిన చేలు ఉప్పుదేలాయి. సాగు కోసం కట్టిన ఆనకట్ట నీళ్లు వద్దని రైతులే కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లు మూయించింది. ఆ పట్టణంలో తయారైన బనియన్లు మనందరి ఇళ్లలో ఉన్నాయి. రంగు వేయని తెల్లని ముతక నూలు, గోధుమరంగు నూలు, లేత రంగులు ఎంచుకుంటే ఆ భారం తగ్గుతుంది. ముదురు నలుపు, ముదురు నీలం అద్దడానికి రంగు, ఉప్పు, నీళ్లు ఎక్కువ పడతాయి.

మరి ఏం కొనాలి?

రోజువారీ బట్టలకు నూలే, వీలైతే ముద్ర నంబరున్న సేంద్రియ నూలు. అది ఖరీదనిపిస్తే మామూలు నూలే కొని, కొనే సంఖ్య తగ్గించండి. ఏడాదికి పది చీరలకు బదులు ఆరు కొంటే దాదాపు సెంటున్నర చేను మిగిలినట్టే. సేంద్రియ ముద్ర కోసం తాపత్రయపడి పదిహేను కొనడం కంటే ఇది నేలకు మేలు. ఆఫీసు చొక్కాకు లినెన్ లేదా చేనేత నూలు. పెళ్లికి పొందూరు, దసలి. వానకు, సంచికి పాలిస్టర్. చలికి గొంగడి. రేయాన్ కొనాల్సి వస్తే లియోసెల్.

చీటీ లేని బట్ట ఏ నారో తెలియకపోతే అంచు నుంచి రెండు దారాలు లాగి, పళ్లెం మీద పట్టుకారుతో పట్టుకుని కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే పత్తి, నార లేదా రేయాన్. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు లేదా ఉన్ని. కరిగి నల్లని గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. కాగితం వాసనా, గట్టి పూసా రెండూ కలిసి కనిపిస్తే టెర్రికాటన్. నూలు పేరుతో అమ్మే బట్టలో పాలిస్టర్ ఉందో లేదో ఈ చిన్న పరీక్షతోనే తెలిసిపోతుంది.

చిరిగిపోయిన నూలు బట్టకు చెత్తబండి అవసరం లేదు. తుడుపుగుడ్డగా వాడి, అదీ అయిపోయాక ముక్కలు కోసి ఎరువుగుంతలో వేయవచ్చు, మొక్కల మొదట్లో తేమ నిలవడానికి పరచవచ్చు. దానికి ముందు గుండీలు, జిప్పు, ఎలాస్టిక్ తీసేయాలి. కుట్లు కూడా విప్పాలి, నూలు చొక్కాలను కుట్టే దారం కూడా చాలావరకు పాలిస్టర్‌దే. మెరుపు జరీ అంచును, ప్లాస్టిక్ రంగు అచ్చు వేసిన భాగాన్ని కత్తిరించి పక్కన పెట్టండి, అవి మట్టిలో కలవవు.